కొల్లూరుకు రాని చిత్రకారుడు

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సు ఇబ్రహీంపట్నం దాటిన కాసేపటికి పరిటాల వస్తుంది. 135 అడుగుల ఆంజనేయస్వామికి కిటికీలోంచే దణ్ణం పెట్టుకుని ప్రయాణికులు మళ్లీ సీట్లలో సర్దుకుంటారు. ఆ నేలలో ఒకప్పుడు వజ్రాలు తవ్వేవారన్న సంగతి ఇవాళ కొద్దిమందికే గుర్తు. 1766లో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ పరమైనప్పుడు నిజాం చుట్టుపట్ల సీమనంతా వదులుకున్నాడు గానీ, పరిటాలనూ దాని పక్క ఊళ్లనూ మాత్రం వజ్రాల కోసం తన చేతిలోనే ఉంచుకున్నాడు. చుట్టూ కంపెనీ ఇలాకా, నడుమ నిజాం ఊళ్లు. హైదరాబాద్ సంస్థానం ఉన్నంతకాలం ఆ ఏర్పాటు అలాగే సాగింది. గని ఆత్కూరు అనే ఊరు ఇప్పటికీ అక్కడే ఉంది.

అసలు పెద్ద గని కృష్ణానదికి ఎగువన, అవతలి ఒడ్డున, బెల్లంకొండ సీమలో ఉండేది. అదే కొల్లూరు. 17వ శతాబ్దంలో మేలిమి వజ్రమంటే గోల్కొండ వజ్రమే. రాయి అమ్ముడుపోయింది గోల్కొండ పేరుతో, దొరికింది మాత్రం మన కృష్ణ ఒడ్డున. ఫ్రెంచి వర్తకుడు జాన్ బాప్టిస్ట్ తావెర్నియే ఈ దేశం నుంచి పట్టుకెళ్లి పద్నాలుగో లూయీకి అమ్మిన సుమారు 112 క్యారెట్ల నీలి వజ్రమే తర్వాతి కాలంలో సానలు పట్టి పట్టి 45 క్యారెట్లకు తగ్గి, 'హోప్' అన్న పేరుతో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అది కొల్లూరు రాయేనని నిపుణుల అభిప్రాయం. కోహినూరు పుట్టిల్లు కూడా కొల్లూరేనని మన ప్రాంతంలో గట్టి నమ్మకం.

ప్రపంచంలోని కిరీటాలకు ఇన్ని రాళ్లిచ్చిన ఈ గనుల్లో నిలబడి, అక్కడి మనుషులను కళ్లారా చూసి ఎవరైనా వేసిన బొమ్మ ఒక్కటీ మనకు దక్కలేదు. గోల్కొండ వజ్రాల గని అని పుస్తకాల్లో తరచు కనిపించే పాత బొమ్మ ఒకటి ఉంది. దాన్ని 1725 ప్రాంతంలో అచ్చువేసినవాడు డచ్చి ప్రచురణకర్త పీటర్ వాన్ డెర్ ఆ. ఆయన లైడెన్ నగరంలో కూర్చుని, యాత్రికుల పుస్తకాలు ముందేసుకుని లోకంలోని వింతలన్నిటికీ బొమ్మలు వేయించి అమ్మిన మనిషి. కొల్లూరు మట్టి ఆ బొమ్మకు అంటలేదు.

మరి వేరే చోట్ల గనులకు చిత్రకారులు దొరికారా అంటే, దొరికారు. అదీ పరదేశం నుంచి వలస వచ్చిన చిత్రకారులే.

1848 జనవరిలో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. జర్మనీలోని కాసెల్ పట్టణంలో 1818లో పుట్టిన చార్లెస్ క్రిస్టియన్ నాల్ చిత్రకారుల వంశంవాడు. పారిస్‌లో కొన్నాళ్లు, న్యూయార్క్‌లో కొన్నాళ్లు ఉండి, 1851లో తల్లీ తోబుట్టువులతో సహా కాలిఫోర్నియా చేరాడు. వచ్చింది బొమ్మలు వేయడానికి కాదు, బంగారం తవ్వుకోవడానికి. రఫ్ అండ్ రెడీ అనే గనుల ఊళ్లో చోటు కొని మోసపోయాడు. అమ్మినవాళ్లు పైపైన బంగారపు రజను చల్లి నమ్మించారు. చేతిలో మిగిలిన విద్య ఒక్కటే కాబట్టి మళ్లీ కుంచె పట్టాడు. స్నేహితుడు వెండరోత్‌తో కలిసి వేసిన 'సియెర్రాల్లో గని కూలీలు' చిత్రంలో ఎర్రచొక్కాల మనుషులు వాగు నీళ్లను కొయ్యతొట్టెలోకి మళ్లించి కంకర కడుగుతుంటారు. ఒకడు గునపం పట్టాడు, ఒకడు వంగి నీళ్లు తాగుతున్నాడు, వెనక కొండవాలు మీద గుడిసె, దాని దగ్గర ఆరేసిన బట్టలు. మోసపోయి, తానూ ఆ వాగులో కాళ్లు నానబెట్టినవాడు వేసిన బొమ్మ అని చూడగానే తెలుస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత, 1872లో, శాక్రమెంటోలో ఉండే జడ్జి క్రాకర్ కోసం 'గనుల్లో ఆదివారం ఉదయం' అనే పెద్ద పటం వేశాడు. అందులో ఒక పక్క తాగి గుర్రాలు దౌడు తీయించేవాళ్లు, మరో పక్క బైబిలు చదువుకునేవాళ్లు, బట్టలు ఉతుక్కునేవాళ్లు, ఇంటికి ఉత్తరం రాసుకునేవాళ్లు.

ఆస్ట్రేలియా సంగతీ ఇంతే. శామ్యూల్ థామస్ గిల్ ఇంగ్లండులోని సోమర్సెట్‌లో పుట్టి, 1839లో తల్లిదండ్రులతో అడిలైడ్ చేరాడు. 1851లో విక్టోరియాలో బంగారం పడగానే, ఆ మరుసటేడు అందరితో పాటు గనుల బాట పట్టాడు. తవ్వి సంపాదించింది పెద్దగా లేదు. కానీ నెలకు 30 షిల్లింగుల లైసెన్సు కాగితం చూపించమని పోలీసులు నిలదీయడం, డేరా ముందు రొట్టె కాల్చుకోవడం, అదృష్టం తగిలి ఇంటికి చేరినవాడు, చేరకుండానే అడవిలో ప్రాణం వదిలినవాడు, ఇవన్నీ ఆయన కాగితం మీదికి ఎక్కాయి. 1852లోనే వాటిని రాతి అచ్చు వేసి మెల్బోర్న్‌లో అమ్మారు. ఇవాళ ఆస్ట్రేలియా బడిపిల్లలకు బంగారు గనులంటే గిల్ బొమ్మలే. ఆ మనిషి మాత్రం 1880 అక్టోబరులో మెల్బోర్న్ పోస్టాఫీసు మెట్ల మీద కుప్పకూలి చనిపోయాడు. దిక్కులేనివాళ్ల గుంటలో పూడ్చారు. ముప్పై మూడేళ్లు గడిచాక అక్కడి చరిత్ర సంఘంవాళ్లు ఎముకలు వెలికితీసి, వేరే సమాధి కట్టించి, పేరు చెక్కించారు.

ఈ ఇద్దరి బొమ్మలూ కొన్నదెవరు? మొదట కొన్నది గనిలో దిగినవాళ్లే. కాలిఫోర్నియాలో పైసగం బొమ్మ, కిందిసగం ఖాళీ ఉండే ఉత్తరాల కాగితాలు అమ్మేవారు. తవ్వేవాడు అది కొని, మిగిలిన ఖాళీలో నాలుగు మాటలు రాసి, నేనుండే చోటు ఇలా ఉంటుందని వేల మైళ్ల దూరాన ఉన్న తల్లికి పంపేవాడు. అలాంటి కాగితాలకు నాల్ ఎన్నో బొమ్మలు వేశాడు. గిల్ అచ్చుబొమ్మలూ అలాగే సముద్రాలు దాటి ఇళ్లకు చేరాయి. చదువొచ్చినవాడు, చేతిలో నాలుగు డబ్బులున్నవాడు, తన పేరున లైసెన్సు ఉన్నవాడు అక్కడి తవ్వకందారు. అతనికి తన ముఖం చూసుకోవాలనిపించింది. చూసుకున్నాడు. చిత్రకారుడు ఎంత గొప్పవాడైనా, బొమ్మను అడిగి కొనే చెయ్యి ఉంటేనే ఒక కాలం బొమ్మకెక్కుతుంది. నా మొత్తం వాదన ఇదే. కృష్ణాతీరంలో ఏం జరిగిందో ఈ కొలతతోనే చూడాలి.

మన గనులకు మాటల బొమ్మలు మాత్రం ఉన్నాయి. వాటిని రాసినవాళ్లూ పరదేశులే. మచిలీపట్నంలో 1611 నుంచి ఇంగ్లీషు కంపెనీ కొట్టు ఉంది. 1618 నుంచి నాలుగేళ్లు అక్కడ పనిచేసిన విలియం మెథ్వోల్డ్ కొల్లూరు గనిని స్వయంగా చూసి రాసినది 1626లో లండన్‌లో అచ్చయింది. దారిలోని కోటల గురించీ ఆయన రాశాడు. కొండపల్లి, కొండవీడు, బెల్లంకొండ చూశానన్నాడు. గని పుట్టుక గురించి ఆయన విన్న కథ ఇది. కొండల్లో మేకలు కాసుకునేవాడి కాలికి మెరిసే రాయి తగిలింది. దాన్ని కాసిని బియ్యానికి అమ్ముకున్నాడు. అంతే తెలియని మరొకడి చేతికి, అక్కణ్ణుంచి ఇంకొకడి చేతికి మారి మారి చివరికి తెలిసినవాడి చేతిలో పడింది. మెథ్వోల్డ్ వెళ్లేనాటికి అక్కడ 30 వేలమంది పనిలో ఉన్నారట. గుంతలో మనుషులు మెట్లు మెట్లుగా ఒకరి పైన ఒకరు వరసగా కూర్చుని, మట్టినీ నీటినీ చేతికి చెయ్యి అందించుకుంటూ పైకి తెచ్చేవారు. కప్పీ లేదు, చక్రం లేదు. మనుషులే నిచ్చెన. ఏమీ పండని నేల కావడంతో, పైగా ప్రతి దినుసు మీదా సుంకం ఉండడంతో తిండిగింజల ధర మండిపోయేదని కూడా రాశాడు. కాలిఫోర్నియాలో కోడిగుడ్డు ధర గురించి చెప్పుకునే కథలకు ఇది రెండు వందల ఏళ్ల ముందు మాట. గని గుత్త ఏడాదికి మూడు లక్షల వరహాలు. పది క్యారెట్లు దాటిన రాయి ఏదైనా రాజుదే.

తర్వాత పాతికేళ్లకు వచ్చిన తావెర్నియే ఇంకా దగ్గరగా చూశాడు. ఆయన పుస్తకం 1676లో పారిస్‌లో వెలువడింది. గని పుట్టుక ఆయన విన్న కథలో మరోలా ఉంది. ఇక్కడ జొన్నో సజ్జో చల్లడానికి నేల గుల్లచేస్తున్న పేదవాడికి 25 క్యారెట్ల రాయి దొరికిందట. ఆయన చూసినప్పుడు ఆడ, మగ, పిల్లలతో కలిపి 60 వేలమంది పనిచేస్తున్నారు. తవ్వేది మగవాళ్లు, మట్టి మోసేది ఆడవాళ్లూ పిల్లలూ.

పని మొదలుపెట్టే రోజు సంగతి ఆయన రాసిన తీరు చదువుతుంటే, చిత్రకారుడు లేని లోటు గుండెల్లో కలుక్కుమంటుంది. తవ్వాల్సిన చోటు గుర్తుపెడతారు. దాని పక్కనే అంతకంటే పెద్ద చోటు చదునుచేసి, చుట్టూ రెండడుగుల గోడ కడతారు. గోడ అడుగున నీళ్లు పోవడానికి రెండేసి అడుగులకు ఒక కన్నం వదిలి, దాన్ని తాత్కాలికంగా మూస్తారు. పని చేయించే షావుకారు తన బంధువులతో వస్తాడు. దేవుడి రాతిప్రతిమ నిలబెడతారు. అందరూ మూడుసార్లు సాష్టాంగపడతారు. బ్రాహ్మడు మంత్రం చదివి, కుంకుమపువ్వూ జిగురూ కలిపి ఒక్కొక్కరి నుదుట బొట్టు పెట్టి, దాని మీద ఏడెనిమిది బియ్యపుగింజలు అంటిస్తాడు. ఆ తర్వాత కుండల్లో తెచ్చిన నీళ్లతో ఒళ్లు కడుక్కుని, వరసగా బంతి కూర్చుంటారు. అన్నం వడ్డిస్తారు. ఆకుల్లో కరిగిన నెయ్యీ పంచదారా పోస్తారు. నమ్మకంగా పనిచేయమని షావుకారు పెట్టే భోజనం అది. రేపు పొద్దున అదే కూలీల మీద కావలివాళ్లు నిలబడి, వాళ్ల నోళ్లూ కళ్లూ వెతుకుతారు.

ఆ తర్వాత తవ్వకం. పది, పన్నెండు, పద్నాలుగు అడుగుల దాకా పోతారు. నీరు పడిందంటే ఇక ఆశ లేదు. పైకి తెచ్చిన మట్టిని గోడకట్టిన చోట పోసి, గుంతలో ఊరిన నీళ్లే తోడి దాని మీద చల్లుతారు. ఒకటి రెండు రోజుల్లో అది గంజిలా పలచబడుతుంది. అప్పుడు కన్నాలు తెరుస్తారు. బురద పోతుంది, ఇసుక మిగులుతుంది. మళ్లీ నీళ్లు, మళ్లీ కన్నాలు. మిగిలినది ఎండలో ఎండాక చేటల్లో పోసి చెరుగుతారు. పొడి ఎగిరిపోతుంది. గడ్డలను రోకళ్లతో నలగ్గొట్టి మళ్లీ చెరుగుతారు. చివరికి నేలంతా పరిచి, మనుషులు ఒక వరసలో కూర్చుని చేతులతో వెతుకుతూ ముందుకు జరుగుతారు. మన కళ్లాల్లో వడ్లు తూర్పారపట్టిన ఆడవాళ్లే ఇక్కడా చేటలు పట్టారని ఈ వర్ణన చదివితే అర్థమవుతుంది. చెయ్యి తిరిగిన పని అది, గింజ బదులు రాయి.

తావెర్నియే రావులకొండ అని పేర్కొన్న మరో గనిలో పనివాళ్ల జీతం ఏడాదికి మూడు వరహాలు. యాభైమందికి పన్నెండు పదిహేనుమంది కావలి. ఒక కూలీ రాయిని కంటికొనలో దాచుకున్నాడు, పట్టుబడ్డాడు. మింగేసినవాళ్లూ ఉన్నారు. ఏడాదికి మూడు వరహాలు వచ్చేవాడు, వజ్రం కోసం కన్ను పోగొట్టుకోవడానికి కూడా సిద్ధపడ్డవాడు, ఏ బొమ్మ కొంటాడు? అతని ఇంటివాళ్లు అతనితో పాటే గుంత ఒడ్డున మట్టి మోస్తున్నారు. ఉత్తరం రాయాల్సిన ఇల్లు వేరే లేదు. యాభైమంది కూలీలను పెట్టుకున్నందుకు షావుకారు రాజుకు రోజుకు రెండు వరహాలు కడతాడు. కొన్న రాళ్ల మీద నూటికి రెండు సుంకం. ఆ లెక్కల్లో మనిషి ఒక అంకె. గనిలో దిగినవాడికి బొమ్మ కొనే స్తోమతు లేదు, బొమ్మ కొనే స్తోమతు ఉన్నవాడికి గనిలో దిగినవాడి ముఖం అక్కర్లేదు.

బొమ్మ కొనగలవాళ్లు ఆ కాలంలో ఏం కొన్నారో చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. దక్కనుకు పరదేశ చిత్రకారులు రాకపోలేదు. హార్లెం పట్టణపు డచ్చి చిత్రకారుడు కార్నెలిస్ హెడా బీజాపూరు చేరి రెండో ఇబ్రహీం ఆదిల్ షా కొలువులో పనిచేసి 1622లో అక్కడే పోయాడు. అతని కుంచె కొలువు దాటలేదు. గోల్కొండలో 17వ శతాబ్దం చివర చిత్రకారులు రాజుల, వజీర్ల, సేనానుల చిన్న చిన్న పటాలు వేసి పరదేశులకు అమ్మేవారు. ఆమ్‌స్టర్‌డామ్ మేయరుగా చేసిన నికొలాస్ విట్సెన్ సంపాదించిన అలాంటి ఆల్బం ఒకటి అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది. వజ్రాలు కొనుక్కెళ్లే తెల్లవాళ్లకే ఈ పటాలూ అమ్ముడయ్యాయి. వాళ్లకు కావలసింది తాము ఎవరితో బేరం చేశామో ఆ రాజు ముఖం. మట్టి మోసిన ఆమె ముఖం కాదు.

మచిలీపట్నం కలంకారీవాళ్ల సంగతి మరీ ముచ్చట. వెదురు కలంతో, చండ్ర, మంజిష్ఠ, నీలిమందు రంగులతో వాళ్లు వేసిన ఆనాటి అద్దకాల గుడ్డల్లో పారశీక దుస్తుల వాళ్లున్నారు, మద్యం గిన్నెలు అందుకునే జంటలున్నారు, టోపీలు పెట్టుకున్న దొరలున్నారు. పక్కనే బందరు రేవులో దిగిన ప్రతి వింతమనిషినీ ఎగాదిగా చూసి గుడ్డ మీదికి ఎక్కించారు. అంత చూపున్నవాళ్లు, నాలుగైదు రోజుల నడక దూరంలో అరవై వేలమంది తవ్వుతున్న గనికి వెళ్లి ఒక్క గుడ్డ వేసినట్టు ఎక్కడా ఆనవాలు లేదు. చూపు లేక కాదు. అలాంటి గుడ్డకు ఆర్డరు ఇచ్చేవాడు లేక.

ఇక్కడే కొండపల్లి ముందుకొస్తుంది. నన్నడిగితే ఈ మొత్తం కథలో అసలైన వలస చిత్రకారులు కొండపల్లి బొమ్మలవాళ్లే. తమ పూర్వులు కొన్ని వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని ఆ ఆర్యక్షత్రియ కుటుంబాలు చెప్పుకుంటాయి. అలా వచ్చి దిగింది పరిటాల గనులకు కూతవేటు దూరంలో, కొండపల్లి కోట నీడన. కొండ మీది తెల్లపొణికి కర్ర తెచ్చి, ఆరబెట్టి, చేయీ కాలూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతికించి, సున్నపు పూత పూసి, మేకవెంట్రుకల కుంచెతో కళ్లు దిద్దుతారు. ఆ ఇళ్లలో రంగులు వేయడంలో ఆడవాళ్ల చేయి ఎక్కువ. తాటిచెట్టెక్కే గీతవాడు, తిరగలి విసిరే ఆమె, పామును ఆడించేవాడు, పల్లకీ మోసే బోయీలు, అంబారీ ఏనుగు, దశావతారాలు. కృష్ణా జిల్లా పల్లె మొత్తం ఆ బొమ్మల్లో ఉంది.

దేవుళ్లు, రాజులు పక్కన పెట్టండి. గీతవాడి బొమ్మ ఎందుకుంది? సంక్రాంతికో దసరాకో ఇంట్లో బొమ్మల కొలువు పెట్టే ఇల్లాలికి గీతవాడు తెలుసు గనక. పొద్దున్నే తన గుమ్మం ముందు నుంచి మోకు భుజాన వేసుకుని పోయేవాడు గనక. కొనేది ఆమె. ఆమెకు తెలిసిన మనుషులు కొలువెక్కారు. వజ్రాల కూలీ ఆమె వీధిలో తిరిగే మనిషి కాదు. అతను కొండల మధ్య, కావలివాళ్ల నడుమ ఉన్నాడు. అందుకే కొలువు మెట్ల మీద అతనికి చోటు రాలేదు. రాజస్థాన్ నుంచి వచ్చిన వలస చేతులు ఇక్కడి పల్లెనంతా సొంతం చేసుకున్నాయి గానీ, గడప పక్కనున్న గనిని దాటిపోయాయి. కొండపల్లివాళ్ల తప్పేమీ లేదు, అప్పటి కొనుగోలుదారు చూపు అక్కడిదాకా పోలేదు.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాయి. కొల్లూరు మెల్లగా ఖాళీ అయింది. గనులు మూలపడ్డాక గానీ ఈ తీరానికి కొలతబద్ద, కాగితం పట్టుకున్న పరదేశి రాలేదు. స్కాట్లండు ఉత్తరాన లూయిస్ దీవి నుంచి 1783లో వచ్చిన కాలిన్ మెకంజీ కంపెనీ సర్వేయరు. చింతపల్లి నుంచి కాపురం మార్చిన వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతి కట్టించే రోజుల్లో దిబ్బ తవ్వితే చెక్కడపు పాలరాళ్లు బయటపడ్డాయని విని, మెకంజీ 1790ల చివర్లో అక్కడికి వెళ్లాడు. ఇరవై ఏళ్లకు మళ్లీ వచ్చి తన చిత్రకారులతో ఆ రాళ్లను ఒక్కొక్కటిగా కొలిచి గీయించాడు. ఆ తర్వాత ఎన్నో పలకలు సున్నపుబట్టీల పాలయ్యాయి. కొన్నింటికి ఇవాళ ఆ బొమ్మలే ఆధారం. ఆయనకు తోడుగా నిలిచిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు తెలుగువాళ్లు. పరదేశి కుంచె, దేశీ చెవి కలిస్తే ఎంత పని జరుగుతుందో అమరావతి బొమ్మలే సాక్ష్యం. అదే నదికి ఎగువన కొల్లూరు ఉంది. అప్పటికి అక్కడ గీయడానికి పాడుబడ్డ గుంతలే మిగిలాయి.

20వ శతాబ్దం మొదట్లో గోదావరి, కృష్ణ రెండు తీరాలకూ చిత్రకళ బయటివాళ్ల చేతులమీదుగానే వచ్చింది. 1909లో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దామెర్ల రామారావునూ అడివి బాపిరాజునూ కనిపెట్టి తీర్చిదిద్దాడు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య నిలబెట్టిన మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చి చిత్రకళ నేర్పాడు. ఆ తరం పురాణాలను, బుద్ధుణ్ణి, పల్లెపడుచులను, నదిని వేసింది. జాతికి తన ముఖం తను గుర్తుచేసుకోవాల్సిన కాలం అది. ఆ పనిని తక్కువ చేయలేం. అయితే కూలివాడి చెమట ఆ పటాల్లో అరుదు.

అదే జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పిన మరొకరిని ఇక్కడ తలచుకోవాలి. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య. పత్తి పంట మీద చేసిన కృషికి పత్తి వెంకయ్య, జపాను భాష వచ్చినందుకు జపాన్ వెంకయ్య, రాళ్ల మీద పరిశోధనకు డైమండ్ వెంకయ్య అనేవారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సభల్లో గాంధీగారికి జెండా నమూనా ఇచ్చినవారు ఆయనే. జెండా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, కాలిఫోర్నియా రాష్ట్ర జెండా మీదున్న ఎలుగుబంటి, గనుల చిత్రకారుడు నాల్ వేసిన బొమ్మ ఆధారంగా దిద్దినది. అక్కడా ఇక్కడా గనులతో, రాళ్లతో ముడిపడ్డ మనిషి చేతి గీతే జెండా ఎక్కింది. ఇది కాకతాళీయమే, కానీ నాకు ఎంతో ఇష్టమైన కాకతాళీయం. వెంకయ్యగారు 1963లో విజయవాడలో పేదరికంలోనే కన్నుమూశారు. గిల్ ముగింపు గుర్తురాక మానదు.

బొగ్గు సంగతి చెప్పకపోతే ఈ గనుల కథ పూర్తికాదు. 1889లో ఇల్లందులో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది, అదే ఏడు నిజాం రైలు బెజవాడ చేరింది. ఇవాళ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను పొగగొట్టాలు కొండపల్లి కోట మీంచి కనిపిస్తాయి. బొగ్గు గనికి మన భాషలో పాటలు, కథలు వచ్చాయి. వజ్రానికి అదీ రాలేదు.

2013 డిసెంబరులో పులిచింతల ప్రాజెక్టు జాతికి అంకితమైంది. 45 టీఎంసీల జలాశయం నిండితే కొల్లూరు నేల నీటి కింద ఉంటుంది. డెల్టా పొలాలకు అవసరమైన నీళ్లే అవి, కాదనలేం. కానీ ఇక అక్కడికి వెళ్లి చూసి వేయడం కుదరని పని. ఉన్నవి మెథ్వోల్డ్ మాటలూ తావెర్నియే మాటలే. గోడ ఎంత ఎత్తు, కన్నాలు ఎంత ఎడం, నుదుటి మీద గింజలెన్ని, చేట ఎవరు పట్టారు, అన్నీ అందులో ఉన్నాయి. పనితనం తెలిసిన చిత్రకారుడికి అంతకంటే ఏం కావాలి?

విజయవాడ బందరు రోడ్డులో 1887 నాటి జూబిలీ భవనం ఉంది. ఆ మ్యూజియంకు ఇవాళ బాపు పేరు. ఒక చిత్రకారుడి పేరు పెట్టుకున్న ఆ చోట కృష్ణాతీరపు వజ్రాల గనులకు ఒక గోడ కేటాయించాలి. కొండపల్లి కళాకారులకు ప్రభుత్వమే ఆర్డరు ఇచ్చి, గీతవాడి పక్కన, తిరగలి విసిరే ఆమె పక్కన, మట్టి గంప నెత్తిన పెట్టుకున్న కొల్లూరు తల్లినీ, చేట చెరిగే ఆమెనూ, గుంతలో మెట్లుగా కూర్చున్న కూలీల వరసనూ ఒక సెట్టుగా చేయించాలి. నాలుగు వందల ఏళ్ల కిందట కొనేవాడు లేక ఆగిపోయిన బొమ్మను ఇప్పుడు కొనాల్సింది మనమే.

కుర్ర చిత్రకారులకు ఒక మాట. తొలకరి వానలు పడగానే చందర్లపాడు దగ్గర గుడిమెట్ల వైపు వెళ్లండి. మట్టి కొట్టుకుపోయిన చోట రాళ్ల కోసం ఊళ్లూళ్ల నుంచి వచ్చిన జనం టార్పాలిన్లు కట్టుకుని, అన్నం క్యారేజీలు పెట్టుకుని, పొద్దుగూకేదాకా నేలను వెతుకుతుంటారు. వాళ్లు ఇంకా ఉన్నారు. స్కెచ్ బుక్కు పట్టుకుని ఈ ఏడే వెళ్లండి.